గుండెకు ఒకరోజు పస్తు

గంటసేపు కదలకూడదు బాబాయ్, మాట్లాడకూడదు, ఏదీ నమలకూడదు, ఫోను ముట్టుకోకూడదు, కుదిరితే ఏమీ ఆలోచించకుండా కళ్ళు మూసుకోండి అని చెప్పి, మధులత దుప్పటి అతని గడ్డం దాకా లాగి, దీపం తగ్గించి, బరువైన తలుపు మూసుకుని వెళ్ళిపోయింది. స్కానింగు విభాగంలో పనిచేసే పిల్ల, ఇరవై అయిదేళ్ళుంటాయేమో. తవిటయ్య వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. మోచేతి మడతలో సూది దిగిన చోట ఇంకా చల్లగానే ఉంది. సీసపు గొట్టంలో దాచి తెచ్చిన మందు అది. చక్కెర నీళ్ళేనట, కాకపోతే ఆ చక్కెరకు కొన్ని గంటలపాటు వెలిగే గుణం ఉందట. ఒంట్లో ఎవరు ఆకలి మీదుంటే వాళ్ళ దగ్గరికి పోయి కూర్చుంటుందట, గంట తర్వాత మెషీన్లోకి తోస్తే ఎక్కడెక్కడ కూర్చుందో బొమ్మ పడుతుందట. మాట్లాడితే గొంతు లాగేసుకుంటుంది, కాళ్ళు ఊపితే పిక్కలు లాగేసుకుంటాయి, అందుకని ఊరుకోవాలి. ముప్పై ఏళ్ళు పోర్టులో క్రేన్ నడిపినవాడికి ఊరుకుని కూర్చోవడం కొత్త కాదు, చేతికింద లివరు లేకుండా ఊరుకోవడం కొత్త. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గుండెలో ఉన్న లోహపు కవాటం టిక్కుటిక్కుమనడం పైకి వినిపిస్తోంది. తొమ్మిదేళ్ళ కిందట పాడైన కవాటం తీసి అది పెట్టారు. వాచీ తీసెయ్యండి బాబాయ్ అంది మధులత ఇందాక. వాసీ కాదమ్మా, నా గుండె అన్నాడు. ఆ పిల్ల చెవి దగ్గరగా వంచి విని, అయ్యో నిజమే అని, ఏదో గుడిలో చప్పుడు విన్నట్టు మెల్లగా వెనక్కి జరిగింది.

టిక్కు, టిక్కు. ఈ చప్పుడు పక్కనే చిలకమ్మ తొమ్మిదేళ్ళుగా నిద్రపోతోంది. మొదట్లో నిద్ర పట్టేది కాదు ఆవిడకు, తర్వాత ఇది వినపడకపోతేనే పట్టడం మానేసింది. అతను రాత్రి డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో పక్కింటి టీవీ చప్పుడుకు కూడా లేచి కూర్చునేదట. ఇప్పుడు బయట నడవాలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని, స్కాను అవగానే తినిపించాలని. లోపలికి రానివ్వరు. ఇప్పుడు అతని ఒంట్లోంచి కంటికి కనపడని వెలుగేదో బయటికి వస్తుందట, సాయంత్రం దాకా దగ్గరగా కూర్చోకూడదట. చిలకమ్మ ఆ మాట విని, ఏటి, మనిసి ఒంట్లోంచా, అని అతన్ని పైనుంచి కిందికి చూసింది, పెళ్ళిచూపుల్లో చూసినట్టు. పెళ్ళిచూపులెక్కడివి, మేనమామ కూతురు, ఆనందపురం అవతల పల్లెలో గోగు చేలగట్ల మీద ఇద్దరూ కలిసి మేకలు తోలినవాళ్ళే. అప్పటి నుంచీ మావా అనే పిలుపు.

అయిదు వారాల జ్వరం. సాయంత్రమయ్యేసరికి వణుకు, తెల్లవారేసరికి చొక్కా పిండితే నీళ్ళు. ఎనిమిది కిలోలు తగ్గాడు, బెల్టుకు మేకుతో రెండు కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. మల్కాపురంలో మందుల షాపు నుంచి ఏవో మాత్రలు తెచ్చి తనే మింగాడు. తర్వాత ఆసుపత్రిలో రక్తం తీసి పెంచి చూస్తే ఏ సూక్ష్మజీవీ మొలవలేదు, ఆ మాత్రల దెబ్బకు అవి కొంత అణిగి దాక్కుని ఉండొచ్చన్నారు. గుండె డాక్టరు ధనశ్రీ గారు చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. "మీ కవాటం పక్కన ఏదో ముద్దలా ఉంది తవిటయ్య గారూ. ఎకోలో లోహం నీడ అడ్డం పడుతోంది, స్పష్టంగా లేదు. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు, కేన్సర్ గడ్డ కూడా కావచ్చు. రెండింటికీ జ్వరం వస్తుంది, రెండింట్లోనూ మనిషి చిక్కిపోతాడు." చిలకమ్మ అడిగింది, "రెండిటికీ మందు ఒకటేనామ్మా?" "కాదమ్మా. ఒకదానికిచ్చే మందు రెండోదానికిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు తేల్చుకోవాలి." కేన్సర్ అన్న మాట దగ్గర తవిటయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డవతల ఎవరిదో అపార్టుమెంటు కడుతున్నారు, చిన్న క్రేన్ ఒకటి ఇనప ఊచల కట్ట ఎత్తుతోంది, కట్ట ఒక పక్కకు వాలి ఉంది, సరిగ్గా కట్టలేదు, దించండ్రా దించండి అనుకున్నాడు. దించారు. మళ్ళీ డాక్టరు మాట వినపడటం మొదలైంది.

ఇన్ఫెక్షన్ అయినా చక్కెర తింటుందట, కేన్సర్ అయినా చక్కెర తింటుందట. ఎక్కడ కూర్చుని తింటున్నాయి, ఏ ఆకారంలో తింటున్నాయి, ఒంట్లో ఇంకెక్కడైనా వాటి బంధువులున్నాయా, ఇవన్నీ బొమ్మలో చూసి ఏది ఏదో పోల్చుకోవాలట. చిక్కంతా ఎక్కడంటే గుండె కండ కూడా చక్కెర తింటుంది. అది తినడం మొదలుపెట్టిందా, అక్కడంతా వెలుగే, ఏ వెలుగు ఎవరిదో తెలీదు. అందుకని ముందురోజు నుంచీ దానికి చక్కెర అందకుండా చెయ్యాలి, కొవ్వు మీదే బతికేలా అలవాటు చెయ్యాలి. అన్నం వద్దు, ఇడ్లీ వద్దు, పాలు, పళ్ళు, టీలో పంచదార, ఏవీ వద్దు. గుడ్లు, కోడి, నూనెలో వేయించిన చేప. రాత్రి ఎనిమిది దాటితే మంచినీళ్ళే. ఆసుపత్రిలో ఇవన్నీ రాసిచ్చిన కాగితాన్ని చిలకమ్మ వంటింటి గోడకు మైదాపిండితో అంటించింది. "అన్నం నేకుండా వొట్టి సేపలెలాగ తింటాడమ్మా మనిసి" అని గొణుక్కుంటూనే నిన్నంతా గుడ్లు పొరటు చేసింది, చేపలు వేయించింది, తనూ అతని ఎదుట అన్నం ముట్టలేదు. ముద్ద కలపడానికి ఏమీ లేక అతని వేళ్ళు కంచంలో ఊరికే తిరిగాయి.

ఏమీ ఆలోచించకండి అంది ఆ పిల్ల. పైకప్పు మీద చిన్న చిన్న చిల్లులున్న తెల్ల పలకలు. లెక్కపెడితే ఆలోచించినట్టవుతుందా? ఆలోచన కూడా చక్కెర తింటుందేమో. కళ్ళు మూసుకుంటే పొగమంచు. చలికాలం పొద్దుటి పూట డాల్ఫిన్ నోస్ కొండ నడుం దాకా కనపడదు, పైన కొన మాత్రం నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. మంచులోంచి ఓడ కూత వినిపిస్తుంది ముందు, తర్వాత చాలాసేపటికి ఓడ వస్తుంది, ఇంటంత ఎత్తు గోడ ఒకటి చప్పుడు లేకుండా జరుగుతూ. క్యాబిన్‌లో తను ఒక్కడే, పది అంతస్తుల ఎత్తున. కింద ఓడ కడుపులో బొగ్గు. పిడికిలిలా తెరుచుకుని మూసుకునే ఇనప గ్రాబ్‌ను దానిలోకి దింపి, నిండిందో లేదో తాడు బరువును బట్టి తెలుసుకుని ఎత్తడం. కింద మనిషి చెయ్యి ఊపితే ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. మంచులో చెయ్యి కనపడదు. కనపడకపోతే ఆపెయ్యాలి, అది రూలు. అతను ఎప్పుడూ ఆ రూలు తప్పలేదు. మనిషి చెయ్యి కనపడనంతసేపూ లివరు వదిలేసి, మంచు కరిగేదాకా కూర్చునేవాడు, ఒక్కోసారి గంటైనా. ఆ గంటలు హాయిగా ఉండేవి. ఎవరూ ఏమీ అడగరు. నిజంగా చెప్పాలంటే మంచు కరగకుండా ఉంటే బాగుండుననిపించేది.

ఆ క్యాబిన్‌లోనే కదూ పన్ను పీక్కున్నది. మూడు నెలలవుతోంది. కింది దవడలో వెనక పన్ను వారం నుంచి ఊగుతోంది, నాలుకతో తోస్తే కదులుతోంది, రాత్రిళ్ళు సలుపు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే గుండె సంగతి అడుగుతారు, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారా అంటారు, గుండె డాక్టరు చీటీ పట్రమ్మంటారు, ఈ తిరుగుడంతా ఎవడు పడతాడని, ఒక ఓడ వెళ్ళి ఇంకో ఓడ వచ్చే సమయంలో నైలాను దారం కట్టి, రెండో కొస తలుపు పిడికి కట్టి, ఒక్క తన్ను తన్నాడు. వచ్చేసింది. రక్తం మాత్రం ఆగలేదు. చేతిరుమాలు తడిసింది, క్యాబిన్ తుడిచే పాతగుడ్డ తడిసింది. రెండు రోజులు నోట్లో తుప్పు రుచి. చిలకమ్మతో పన్ను దానంతటదే ఊడిపోయిందన్నాడు. ధనశ్రీ గారు మొదటిరోజే అడిగింది, ఈమధ్య పళ్ళకేమైనా చేయించుకున్నారా అని. నేదమ్మా అన్నాడు. చేయించుకోలేదు, నిజమే. తనే చేసుకున్నాడు. ఆవిడ రాసుకుంది. ఆ రాసుకున్న చప్పుడు, కాగితం మీద కలం గీరిన చప్పుడు, ఇప్పుడు ఈ టిక్కుటిక్కు మధ్యలో వినిపిస్తోంది.

ఇందాక మధులత కూడా రాసుకుంది. నిన్నటి నుంచీ అన్నం తిన్నారా? నేదు. చపాతీ? నేదు. పాలు, పళ్ళు, తీపి? నేదమ్మా. పొద్దున్న ఏమైనా తాగారా, నీళ్ళు కాకుండా? నేదు. పక్కనే చిలకమ్మ నిలబడి ఉంది. మధులత వేలికి గుచ్చి రక్తంలో చక్కెర చూసింది, సరిగ్గానే ఉంది, మెషీన్ కూడా అతని అబద్ధాన్ని పట్టుకోలేదు. సూది గుచ్చింది. అంతే.

అయిదింటికి లేచాడు పొద్దున్న. చిలకమ్మ పెరట్లో నీళ్ళు తోడుకుంటోంది. వంటింట్లో గట్టు మీద మూత పెట్టిన కుండలో రాగుల చోడంబలి, రాత్రి తనకోసం కాచుకుంది, పొద్దున్నే అది తాగితేగాని ఆవిడకు ఒళ్ళు కదలదు. గోడ మీద కాగితం. కుండ మూత తీశాడు. పులిసిన చోళ్ళ వాసన. నిలబడే ఒక గ్లాసు తాగాడు. ఆగి, పెరటి వైపు చెవి పెట్టి, ఇంకో గ్లాసు తాగాడు. మూతి తుడుచుకున్నాడు, గ్లాసు కడిగి బోర్లించాడు. ఆకలి మరి, రాత్రి నుంచీ ఖాళీ కడుపు అనుకున్నాడు బస్సులో వస్తూ. కాన్వెంట్ జంక్షన్ దాటేదాకా అదే అనుకున్నాడు. ఆకలే. ఇసుకతోట దగ్గర కూడా ఆకలే. ఎండాడ దగ్గర బస్సు ఆగినప్పుడు మాత్రం కుడివైపు సముద్రానికి దిగే రోడ్డు కనపడి తల తిప్పేసుకున్నాడు.

కామరాజు బండి అక్కడే తిప్పాడు. మూడేళ్ళ కిందట. రాజోలు దగ్గరి మనిషి, పక్క క్రేన్ అతనిది, ఇరవై రెండేళ్ళు రెండు క్యాబిన్‌ల మధ్య గాలిలోనే స్నేహం, భోజనాల వేళ చెయ్యి ఊపుకోవడం, కిందికి దిగాక భుజం మీద చెయ్యి వేసుకోవడం. ఏంటి బావా అంటే ఏటి బావ అనడం. దగ్గు పట్టుకుంది అతనికి. బొగ్గు ధూళి అన్నారు, సిగరెట్లన్నారు, చివరికి ఒక డాక్టరు స్కాను రాశాడు. వాళ్ళావిడ కాంతం, నువ్వు కూడా వెళ్ళన్నయ్యా, ఒక్కణ్ణి పంపితే మధ్యలోంచి వచ్చేస్తాడు అని తవిటయ్యకు అప్పజెప్పింది. ఇద్దరూ కామరాజు బండి మీద బయల్దేరారు. ఎండాడలో నేరుగా పోవాల్సింది, అతను బండి కుడివైపు తిప్పి రుషికొండ దారి పట్టించాడు. ఏటి బావ, ఎక్కడికి? "చూడగానే అది ఉన్నట్టే బావా. చూడకపోతే ఇవాళ్టికి లేనట్టే కదా. ఇవాళ్టికి లేకుండా చేద్దాం." అని నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. ఇసుకలో కూర్చున్నారు మధ్యాహ్నం దాకా. పదకొండింటికి కాంతం ఫోను చేసింది. కామరాజు ఫోను తీసి తవిటయ్య చేతిలో పెట్టాడు. తవిటయ్య సముద్రానికి వీపు తిప్పి, ఫోను చేత్తో కప్పి, "డాట్రుగారు లోపలున్నారమ్మా, లైను పెద్దదుంది" అన్నాడు. ఆ అలల చప్పుడేంటన్నయ్యా? రోడ్డమ్మా, బళ్ళు. నమ్మింది. నాలుగు నెలల తర్వాత నెత్తురు కక్కుకుంటే అప్పుడు తీశారు స్కాను. వానాకాలం దాటలేదు అతను. పన్నెండో రోజున, వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి వెళ్ళిపోయాక, కాంతం గుమ్మం దగ్గర కూర్చుని అడిగింది, "ఆ రోజు డాక్టరు సరిగ్గా ఏమన్నాడన్నయ్యా? అప్పుడే చెప్పుంటే ఏమన్నా చేసేవాళ్ళమా?" ఏటీ సెప్పనేదమ్మా, మందులిచ్చి పంపీసినాడు అన్నాడు. లేని డాక్టరు మీదికి తోసేశాడు. ఆవిడ తల ఊపింది. ఆ తర్వాత వాళ్ళ వీధి మీదుగా పోవడం మానేశాడు, మార్కెట్టుకు చుట్టూ తిరిగి వెళ్తాడు.

దుప్పటి కింద వెచ్చగా ఉంది. నిద్రలాంటిది వస్తోంది, నిద్ర కాదు. చక్కెర ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో. నెత్తుటి కాలవల్లో చిన్న చిన్న దీపాల పడవలు పోతున్నాయి, కార్తీకంలో వదిలినట్టు, ఎవరి గుమ్మం ముందు ఆగాలో వెతుక్కుంటూ. మెదడు దగ్గర కొన్ని ఆగాయి. మిగతావి గుండె వైపు తిరుగుతున్నాయి. అక్కడ గుండె నిండా దీపాలు, సందు లేకుండా, రేవంతా లైట్లు వేసినట్టు, ఆ వెలుగులో కవాటం మెరుస్తోంది, దాని పక్కనున్నదేమిటో కళ్ళు చిట్లించినా కనపడటం లేదు. క్యాబిన్ అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాడు. కింద ఎవరో చెయ్యి ఊపుతున్నారు. ఎత్తమనా, ఆపమనా? మంచు కాదు, ఇది వెలుగు, వెలుగులో చెయ్యి కనపడటం లేదు. కనపడకపోతే ఆపెయ్యాలి. ఆపేసి కూర్చున్నాడు. హాయిగా ఉంది. ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ్టికి లేదు, రేపటికీ లేదు...

కళ్ళు తెరిచాడు. గుండె వేగంగా టిక్కుటిక్కుమంటోంది. ఆకలి కాదు. పొద్దున్న ఆకలి వేయలేదు తనకు. అయిదు వారాలుగా ఆకలన్నదే లేదు, చిలకమ్మ బతిమాలి తినిపిస్తోంది. మరి రెండు గ్లాసులు ఎలా దిగాయి? గోడ మీద కాగితం చూస్తూ తాగాడు. చదివి, తెలిసి తాగాడు. బొమ్మ చెడిపోవాలని తాగాడు. డాక్టరు గారు బొమ్మ చూసి, తెలియడం లేదు తవిటయ్య గారూ, మళ్ళీ చూద్దాం అనాలని, ఆ మళ్ళీకీ ఇప్పటికీ మధ్యన ఉన్న రోజుల్లో తనకేమీ లేకుండా ఉండాలని. కామరాజు బండి తిప్పాడు, తను మూత తీశాడు. అంతే తేడా. కామరాజు కనీసం ఒకణ్ణి తోడు తీసుకెళ్ళాడు.

ఇంకా ఎంతసేపుందో తెలియదు. దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశాడు. మంచం పక్కన తాడుకు వేలాడుతున్న గంట మీట, అత్యవసరమైతేనే నొక్కమన్నారు. నొక్కాడు.

తలుపుకున్న చిన్న అద్దంలో మధులత మొహం కనిపించింది, తర్వాత లోపలికి వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగింది. "ఏమైంది బాబాయ్? నొప్పా? మాట్లాడకండి, తల ఊపండి."

"మాటాడాలమ్మా. పొద్దున్న అంబలి తాగీసినాను. సోడంబలి. రెండు గ్లాసులు."

ఆ పిల్ల చేతిలో చీటీ తిరగేసి చూసింది. "నేను అడిగినప్పుడు..."

"అబద్ధమాడినాను."

"ఎన్నింటికి తాగారు?"

"అయిదు."

గోడ గడియారం వైపు చూసి చేతిలో చీటీ మీద రాసుకుంది. కోప్పడుతుందేమోనని చూశాడు. కోప్పడలేదు. "ఇంకేమైనా ఉందా బాబాయ్, చెప్పాల్సింది?" అంది, మామూలుగా, అందరినీ అడిగేదే అయుంటుంది. పన్ను సంగతి చెప్పాడు. దారం, తలుపు పిడి, పాతగుడ్డ, రెండు రోజుల రక్తం, అన్నీ. ఆమె రాయడం ఆపి తల ఎత్తి విన్నది. సరే, పడుకోండి, ఇంక మాట్లాడకండి అని బయటికి వెళ్ళింది. అద్దంలోంచి ఆమె ఫోనులో మాట్లాడటం కనపడుతోంది, వినపడదు. తల ఊపుతోంది, మళ్ళీ ఊపుతోంది.

తిరిగి వచ్చి చెప్పింది. "ఒళ్ళంతా బొమ్మ ఇవాళే తీసేద్దామన్నారు ధనశ్రీ మేడమ్. మిగతా ఒళ్ళు బాగానే తెలుస్తుంది. గుండె బొమ్మకు మాత్రం నమ్మకం లేదు, దానికి సోమవారం మళ్ళీ రావాలి, ఈసారి సరిగ్గా పస్తుండి. మీరు చెప్పకపోతే ఆ అంబలి వెలుగు చూసి మేం ఇంకేదో అనుకునే ప్రమాదం ఉందట."

"కోపంగా ఉన్నారా?"

"లేదు బాబాయ్. పన్ను మాట మాత్రం రెండుసార్లు అడిగారు. అది మొదటే తెలిస్తే సగం దారి అప్పుడే తెలిసేదన్నారు. నోట్లోంచి నెత్తుట్లోకి వెళ్ళిన సూక్ష్మజీవులు అలాంటి కవాటాల మీదే గూడు కడతాయట."

స్కాను మెషీన్ పెద్ద గుండ్రటి రంధ్రం. చేతులు తల మీదికి పెట్టుకోమన్నారు, బల్ల అంగుళం అంగుళం జరిగింది. అతను ఏమీ ఆలోచించలేదు. నిజంగానే ఏమీ తోచలేదు. బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ నడవా సగం దాకా పడి ఉంది. చిలకమ్మ లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది, దగ్గరికి రాకూడదని గుర్తొచ్చి. అతను ఈ చివర కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఆ చివర. మధ్యలో నాలుగు ఖాళీ కుర్చీలు. డబ్బా మూడో కుర్చీలో పెట్టి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"సోమవారం మల్లీ రావాలంట" అన్నాడు.

"ఆ పిల్లగుంట సెప్పింది."

"ఎందుకో కూడా సెప్పిందా?"

"నాకు పొద్దుటే తెల్సు మావా." ఆవిడ అతని వైపు చూడటం లేదు, ఎదుటి గోడను చూస్తోంది. "కుండ మూత తీసీసరికి సగానికి దిగిపోనాది. గ్లాసు కడిగి బోర్లించినావు. ముప్పై ఏల్లలో నువ్వెప్పుడు గ్లాసు కడిగినావు?"

"మరి సెప్పనేదేటి? ఆ పిల్ల అడిగినప్పుడు పక్కనే ఉన్నావు గదా."

స్ట్రెచర్ ఒకటి వాళ్ళ ముందు నుంచి వెళ్ళింది, చక్రం ఒకటి కీచుమంటూ. "బయమేసింది" అంది. "నాకూ సూడాలని నేదు. సూసి అదే అంటే ఏటి సేద్దును? నువ్వు అంబలి తాగీసినావని తెలిసినాక... ఒకలాగ ఊపిరొచ్చింది మావా నాకు. అలగ ఊపిరొచ్చినందుకు నా మీద నాకే సీదరేసింది." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగు కుర్చీల అవతల ఆమె భుజాలు కదులుతున్నాయి, లేచి వెళ్ళి చెయ్యి వేయడానికి లేదు. చెయ్యి వేయలేడు గనక మాట్లాడాడు. రుషికొండ సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పనిది. ఆవిడ ఏడుపు ఆపి విన్నది. అంతా అయ్యాక, "కాంతానికి తెలీదా?" అంది. తెలీదన్నాడు. "సోమవారం నువ్వేటీ తాగవు, నాను అంబలే కాయను" అంది. కాంతం గురించి ఇంకేమీ అనలేదు.

సోమవారం గంట చిన్నదిగా అనిపించింది. నిద్రపోయాడు, నిజంగానే, మధులత వచ్చి లేపింది. మంగళవారం పొద్దున్న ధనశ్రీ గారు తెర వాళ్ళ వైపు తిప్పింది. మొదటిరోజు బొమ్మ, గుండె అంతా ఒకే మంట. పక్కన రెండోది, గుండె చీకటిగా, కవాటం అంచునే సగం గుండ్రంగా ఒక వెలుగు. ప్లీహంలో రెండు చుక్కలు, కవాటం దగ్గర్నుంచి నెత్తుట్లో కొట్టుకుపోయి అక్కడ చిక్కుకున్నవట. మిగతా ఒళ్ళంతా ఖాళీ. "ఈ ఒక్క బొమ్మ చూసే చెప్పడం లేదు. పన్ను, జ్వరం, ఒంట్లో ఇంకెక్కడా గడ్డలు లేకపోవడం, ఇది పట్టుకున్న చోటు, అన్నీ కలిపి చూస్తే ఇన్ఫెక్షనే. కేన్సర్ అని నాకు అనిపించడం లేదు. అలా అని ఇది చిన్న జబ్బు అనుకోకండి. ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించాలి. కవాటం చుట్టూ చీము ఉంది, మళ్ళీ కోసి మార్చాలి. రెండోసారి కోత, ప్రమాదం ఉంటుంది. తీసిన ముక్క పరీక్షకు పంపితే పూర్తిగా రూఢి అవుతుంది. రెండు రోజులు ఆలోచించుకుంటారా?"

చిలకమ్మ తెర దగ్గరికి వంగి ఆ వెలుగును చూసింది. "ఆలోసించడానికేటుందమ్మా" అన్నాడు తవిటయ్య. "ఎప్పుడు కోత్తారు?"

గురువారం అన్నారు.

బుధవారం సాయంత్రం వార్డులో, మందు సీసా చుక్కలు చుక్కలుగా దిగుతుంటే, కాంతానికి ఫోను చేశాడు. ఏంటన్నయ్యా, ఎన్నాళ్ళకు అంది. తన జబ్బు సంగతి చెప్పలేదు ముందు. చెబితే ఆవిడ జాలిపడి విన్నదంతా మన్నించేస్తుందేమోనని. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళలేదమ్మా మేము అన్నాడు. ఎండాడలో బండి తిప్పేసి రుషికొండ వెళ్ళాం. నీకు ఫోనులో అబద్ధం సెప్పింది నాను. పన్నెండో రోజు కూడా అబద్ధమే. తర్వాత లైను తెగిపోయింది.

ఫోను దుప్పటి మీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు. కింద రోడ్డు మీద స్కూలు బస్సులు వెళ్ళాయి. చిలకమ్మ బత్తాయి ఒలుస్తోంది. అరగంట దాటింది. అప్పుడు మోగింది.

కాంతం గొంతు బొంగురుగా ఉంది. "నువ్వు తిప్పనివ్వకుండా ఉండాల్సింది" అంది.

"అవునమ్మా."

"నిన్ను నేను ఎప్పటికీ..." అని ఆగింది. ఊపిరి తీసుకున్న చప్పుడు. "ఆ రోజు ఏం తిన్నాడన్నయ్యా?" అంది.

"వంజరం సేప ముక్కలమ్మా. వేడివేడిగా రెండు ప్లేట్లు. నా ప్లేటులోది కూడా లాక్కున్నాడు."

"నీళ్ళలో దిగాడా?"

"పేంటు మోకాల్ల దాకా మడిసి దిగినాడు. ఒక అలొచ్చి నడుం దాకా తడిపీసింది."

"నవ్వాడా?"

తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు. "సాలాసేపు నవ్వినాడమ్మా."

ఆవిడ ముక్కు చీదుకోవడం వినపడింది, ఏదో పీట లాక్కుని కూర్చోవడం వినపడింది. "మొదట్నించీ చెప్పు" అంది కాంతం. "ఏదీ వదలకుండా చెప్పు."

అతను దిండు నిలబెట్టి వెనక్కి ఆనుకుని, ఆ పొద్దున్న వాళ్ళ గుమ్మం ముందు కామరాజు బండి స్టార్టు చేసిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.